మొదటి గడిలో రాయాల్సిన పేరు

మా ఆఫీసులో యాక్సిడెంటు కేసులకు ఒక రిజిస్టరు ఉంది. పొడుగుది, ఎర్రగుడ్డ అట్ట. ఇరవై రెండేళ్లుగా అందులో రాసేది నేనే. నేను చదివింది మా ఊరి బడిలో పదో తరగతి వరకే. చేతిరాత కుదురుగా ఉందని ప్లీడరు రాఘవేంద్రప్రసాద్ నన్ను గుమాస్తాగా పెట్టుకున్నాడు. మాట కుదురుగా ఉండదని ఆయనకు తర్వాత తెలిసింది.

రిజిస్టరులో కేసుకు ఒక వరుస. మొదటి గడిలో చనిపోయినవాళ్ల పేరు. తర్వాత వయసు, చేసే పని, ఏ బండి, ఏ రోడ్డు, వెనక ఎవరెవరు మిగిలారు. చివరి గడి ఖాళీగా వదులుతాను. తీర్పు వచ్చినాక నింపుతాను. కొన్ని గడులు ఏడేళ్లుగా ఖాళీగా ఉన్నాయి.

ఎర్రగుంట్లలో సిమెంటు మూటల లారీ వెనక్కి వస్తుంటే చక్రం కింద పడిన హమాలీ. మంత్రాలయం నుంచి తిరిగొస్తూ జీపు కల్వర్టును గుద్దితే పోయిన అక్కాచెల్లెళ్లు. వాళ్లకు రెండు వరుసలు. డోన్ దగ్గర గొర్రెలన్నిటినీ రోడ్డు దాటించి, తాను దాటలేకపోయిన ఒక కురువాయన. ఇట్లా ఏడు వందల యాభై చిల్లర మంది. ఒక్కొక్కరికి ఒక్క వరుసకు మించి రాయలేదు. మించి రాయడం మొదలుపెడితే ఈ పని చేయలేం.

నాకొక పద్ధతి ఉంది. మొదటి గడి కాగితాలు చూసి నింపను. వచ్చిన మనిషి నోటితో చెప్పాలి. ఎఫ్ఐఆర్ ముందర ఉన్నా, ఆధార్ ముందర ఉన్నా, "ముందు పేరు చెప్పు" అంటాను. తండ్రులు చెప్తారు. కొడుకులు చెప్తారు. పల్లెల నుంచి వచ్చే పెండ్లాలు చెప్పరు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనున్న తమ్ముడివైపు చూస్తారు. తమ్ముడు నోరు తెరిస్తే నేను ఊరుకోమంటాను. ఆమె చెప్పేదాకా పెన్ను మూత తియ్యను. కొందరు అరగంట కూర్చుంటారు. కొందరు ఏడుస్తారు. చివరికి చెప్తారు. రాఘవేంద్రప్రసాద్ రెండు మూడుసార్లు నాతో పోట్లాడాడు. ఆధార్ చూసి రాసుకుంటే నీదేం పోతుందన్నాడు. ఏం పోతుందో ఆయనకు తెలుసు.

నా భార్యది 412వ వరుస. ఆ పేజీ వచ్చినప్పుడు రెండు పేజీలు కలిపి తిప్పుతాను.

లక్ష్మక్క వచ్చింది రెండేళ్ల కిందట, ఎండాకాలంలో. మంత్రాలయానికి అవతల ఒక పల్లె. నలభై ఐదేళ్లుంటాయి. వెంట పందొమ్మిదేళ్ల కూతురు రమణి. మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుంది. కూర్చుని అరచేత్తో నేలను అటూ ఇటూ తడిమింది. మా ఆఫీసులో పరిచినవి బేతంచెర్ల బండలే.

"దీనికి పాలిష్ సరిగ్గ పట్టలేదు" అంది. ఆఫీసులో ఆమె అన్న మొదటి మాట అది.

ఆమె భర్త పద్దెనిమిదేళ్లు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టాడు. అక్కడే ఒక గదిలో నలుగురితో ఉండి, నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం పని దిగి రోడ్డు పక్కన నడిచిపోతుంటే బండల లారీ గుద్దింది. లైట్లు లేవు. డ్రైవరు ఆపలేదు. తోటి పనివాళ్లు ఆసుపత్రికి మోసుకుపోయారు. అప్పటికే పోయాడు. పొద్దున ఊరి నుంచి లక్ష్మక్క వచ్చేసరికి కానిస్టేబులు కాగితాలు రాస్తున్నాడు. మీ ఆయన పేరేందని అడిగితే ఆమె నోటికి కొంగు పెట్టుకుంది. పనివాళ్లు గోపన్న అని చెప్పారు. కానిస్టేబులు గోపన్న అని రాసుకున్నాడు. పోస్టుమార్టంలో గోపన్న. చావు సర్టిఫికెట్లో గోపన్న.

ఆధార్‌లో, రేషన్ కార్డులో, బడి రికార్డులో ఆ మనిషి పేరు హనుమన్న.

ఎందుకట్లా అని అడిగితే రమణి చెప్పింది. హనుమన్న అనేది వాళ్ల ముత్తాత పేరు. మనవడికి తాత పేరు పెట్టారు. కానీ కన్నతల్లి ఆ పేరుతో కొడుకును పిలవలేదు, అది ఆమెకు మామ పేరు. మామ పేరు పెట్టి రారా, పోరా, తిన్నావురా అంటే ఆ కోడలికి ఆ ఇంట్లో కూడు పుడుతుందా. అందుకని ఆమె గోపన్న అని పిలుచుకుంది. తల్లి పిలిచిందే ఊరు పిలిచింది. ఊరి నుంచి పనికి పోయినవాళ్లతో ఆ పేరే బేతంచెర్లకు పోయింది. తాత పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. ఇక లక్ష్మక్క మొగుడి పేరు ఏదైనా సరే పలకదు. ఒక మనిషికి రెండు పేర్లు. పెండ్లాం నోట్లో ఒక్కటీ లేదు.

ఇట్లాంటి తప్పు పట్నంలో ఎవరూ చేయరు. చేయాలన్నా రాదు.

నేను రిజిస్టరు తీసి "ముందు పేరు చెప్పు" అన్నాను. లక్ష్మక్క చెప్పలేదు. రమణి చెప్పబోయింది. నిన్నడగలేదన్నాను. అరగంట అయింది. గంట అయింది. ఆమె ఏడవలేదు, లేవలేదు. బండ అతుకుల్లో మట్టిని గోటితో తీస్తూ కూర్చుంది.

"నీ మొకం ఎప్పుడూ ఇట్లే ఉప్పెయ్యని సంగటి మాదిరి ఉంటాదా అప్పా, నాతోనేనా?" అంది.

ఎప్పుడూ ఇట్లే అన్నాను.

"అయితే సరే" అని మళ్లీ మట్టి తీసుకుంది.

నా పద్ధతి ఓడింది అదొక్కసారే. రాఘవేంద్రప్రసాద్ వచ్చి పిటిషన్ రాయించాడు. 688వ వరుసలో మిగతా గడులన్నీ నింపాను. మొదటిది ఖాళీగా వదిలాను. రెండేళ్లు అట్లాగే ఉంది.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వేసిన జవాబు చిన్నది. చచ్చిపోయింది గోపన్న. ఈమె భర్త హనుమన్న. ఆ హనుమన్న ఎవరో, ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఈమె చచ్చిపోయినతని భార్య కాదు. ఇద్దరూ ఒకటేనని మేము ఊరి రెవెన్యూ ఆయనతో కాగితం రాయించి పెట్టాము. అది అడిగి రాయించుకున్న కాగితమని కంపెనీవాళ్లు అన్నారు.

పోయిన నెల లక్ష్మక్కను బోనులో నిలబెట్టారు. కంపెనీ ప్లీడరు నవ్వుముఖం మనిషి. చెడ్డవాడు కాదని బార్‌లో అందరూ అంటారు. నేను అనను. ఆయన చాలా మెత్తగా, మీ ఆయన పేరేందమ్మా అని అడిగాడు. ఆమె మాట్లాడలేదు. పోనీ ఏమని పిలిచేదానివి అన్నాడు.

"పిలిచే పనే లేకపాయె. నేను తలుచుకునేలోపల వచ్చి నిలబడేటోడు" అంది.

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. ప్లీడరు కూడా నవ్వి, పేరు కూడా తెలియని భర్త అని జడ్జి వైపు తిరిగాడు. జడ్జి యాభై ఏళ్ల ఆడమనిషి. పెన్ను కింద పెట్టి లక్ష్మక్కతో చాలాసేపు మాట్లాడింది. మా అమ్మ కూడా మా నాన్న పేరు చెప్పదు, నాకు తెలుసు అంది. కానీ కాగితాలు రెండు మాటలు చెప్తున్నప్పుడు భార్య నోటి నుంచి ఒక మాట రావాలి, లేకపోతే నేను రాయలేను అంది. అయినా లక్ష్మక్క చెప్పలేదు. మూడు వారాలు వాయిదా వేశారు. అప్పుడూ చెప్పకపోతే ఆమె సాక్ష్యం అంతటితో సరి అన్నారు.

మెట్లు దిగి వచ్చినాక చింతచెట్టు కింద లక్ష్మక్క నన్ను ఒక్కటే అడిగింది.

"దుడ్లు రాకపోతే పాయె. కూలికి పోతా. నేను ఆయప్ప పెండ్లాం కాదని రాస్తారా?"

అట్లా రాయరని రాఘవేంద్రప్రసాద్ అన్నాడు. మెత్తటి అబద్ధాలు ఆయన చెప్తాడు, నేను చెప్పను. రాస్తారన్నాను. రుజువు కాలేదని రాస్తారు, రెండూ ఒకటే అన్నాను. రమణి నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. లక్ష్మక్క చెంగుతో ముఖం తుడుచుకుని బస్టాండుకు పోయింది.

ఆఫీసుకు వచ్చినాక రాఘవేంద్రప్రసాద్ కోటు విప్పి, చెప్పించే పని నీదే నరసన్నా అన్నాడు. ఇన్నేళ్లు వచ్చినవాళ్లందరి దగ్గరా చెప్పించావు కదా, ఇప్పుడు చెప్పించు అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. ఉండాల్సిందే.

వాయిదాకు ముందురోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వచ్చారు. ప్లీడరు కడప కోర్టుకు పోయాడు. రమణి జిరాక్సులు తీయించడానికి కిందికి పోయింది. కరెంటు లేదు. కింద ప్లీడరు అన్నగారి బట్టల కొట్లో మీటరు కర్ర బల్ల మీద పడిన చప్పుడు పైకి వినబడుతోంది. లక్ష్మక్క ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది.

నాకు బతిమాలడం రాదు. అందుకని నా సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పలేదు అంతకు ముందు.

పెళ్లయిన కొత్తలో నా భార్య ఒకరోజు నా స్నేహితుల ముందర నన్ను పేరు పెట్టి పిలిచింది. కావాలని కాదు. వాకిట్లో ఎద్దు కట్టు తెంచుకుంది, భయపడి అరిచింది. స్నేహితులు నవ్వారు. నేను నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు మాట్లాడాను. తర్వాత ముప్పై ఏళ్లు ఆమె నా పేరు పలకలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె తన చెల్లెలి ఇంటికి పోయి వస్తుంటే కోడుమూరు రోడ్డులో ఆటో తిరగబడింది. ఇంట్లో ఒకటే ఫోను. అది నా జేబులో ఉంది. ఆసుపత్రిలో ఆమెకు తెలివి ఉంది, మాట ఉంది. ఎవరికి కబురు పెట్టాలి, నీ భర్త పేరేంది అని అడిగారు. ఆమె చెప్పలేదు. ప్లీడరు కాడ రాస్తాడు అంది. మళ్లీ అడిగారు. ప్లీడరు కాడ రాస్తాడు అంది. కర్నూల్లో ప్లీడర్లు వందల మంది. వాళ్ల దగ్గర రాసేవాళ్లు అంతకు రెండింతలు. పాపం ఎవరో కుర్రాడు కోర్టుకు వచ్చి వరండా వరండా తిరిగి అడిగాడు. నన్ను పట్టుకునేసరికి మూడు గంటలయింది. నేను పోయేసరికి ఆమె పోయి ఇరవై నిమిషాలు.

ఆసుపత్రి రిజిస్టరు నేను చూశాను. భర్త పేరు అన్నచోట నీలం సిరాతో రాసి ఉంది: ప్లీడరు దగ్గర రాస్తాడు.

ఆటో తోలినవాడు వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. క్షమించలేదు. తన ఫోనన్నా చేతికివ్వకుండా ఆమెను పంపిన చెల్లెలి మొగుణ్ణి క్షమించలేదు, వాళ్లింటికి మళ్లీ పోలేదు. ఆ నాలుగు రోజులు మాట్లాడని మనిషిని అసలే క్షమించలేదు. రోజూ వాడి ముఖానికే గడ్డం గీస్తాను.

ఇదంతా చెప్పి, అందుకే చెప్పమంటున్నాను అన్నాను. పేరు చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి.

లక్ష్మక్క బండ అతుకు మీద వేలు ఆపింది. తర్వాత అంది.

"పేరు పలికితే మొగునికి ఆయుస్సు తగ్గుతాదని మా అమ్మ చెప్పింది. ఇరవై ఆరేండ్లు పలకలేదు. ఇప్పుడు పలుకుతే ఏమప్పా అర్థం? ఇంగ తగ్గేదానికి ఏమీ లేదనే కదా. నా నోటితో నేనే ఆయప్పను సంపినట్లు కాదా?"

 ఏడు వందల యాభై వరుసలు రాశాను. ఎంతమంది ఆడవాళ్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఆ పేరు బయటికి లాగానో, అప్పుడు వాళ్ల నోట్లో ఏం జరిగిందో నేను ఎన్నడూ అనుకోలేదు.

"నువ్వు ఆయమ్మను ఏమని పిలుస్తాంటివి?" అని అడిగింది.

"ఏమే అని."

"ముప్పై ఏండ్లూ?"

అవునన్నాను.

"మరి నీకేం అడ్డమొచ్చెనప్పా? మాకంటే ఆయుస్సు భయం. మీ మగోళ్లకు ఏమి భయం? ఆయమ్మకు పేరు లేకుండెనా?"

కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. కాగితాలు ఎగిరితే బరువులు పెట్టడానికి లేచాను. పెట్టాల్సినదానికంటే ఎక్కువసేపు పెట్టాను.

నేను అటు తిరిగి ఉండగానే ఆమె ఇంకో మాట చెప్పింది. ఒకసారి చెప్పానంది. ఒకే ఒకసారి. పెళ్లయి అత్తగారింటికి వచ్చినరోజు, వాకిట్లో ఆడబిడ్డ రెండు చేతులూ చాపి గడపకు అడ్డం నిలబడింది. పేర్లు చెప్పందే లోపలికి రానియ్యనంది. అది మా సీమలో అన్ని ఇళ్లలో ఉండేదే. నేనూ ఫలానా వచ్చినాము అని పెళ్లికూతురు చెప్పాలి, పెళ్లికొడుకూ అట్లాగే చెప్పాలి. అప్పుడు తలుపు వదులుతారు.

"ఆ పొద్దు చెప్పినా. సిగ్గుతో సచ్చిపోతా చెప్పినా. ఆయప్ప అయితే నా పేరు ఊరంతా ఇనపడేటట్లు అరిసె. మా ఆడబిడ్డ చెవులు మూసుకునె" అని నవ్వింది. రెండేళ్లలో ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

గడపలో చెప్తే ఆయుస్సు తగ్గదా అని అడిగాను.

"యాడన్నా తగ్గుతాదా. అది ఇంట్లోకి వచ్చేటప్పటి మాట కదప్పా."

నాకూ ఒక గడప గుర్తొచ్చింది. మా అక్క అడ్డం నిలబడింది. నా పక్కనున్న పిల్ల తల వంచుకుని, నేనూ నరసన్నా వచ్చినాము అంది. అంటే ఆమె రెండుసార్లు నా పేరు చెప్పింది, ఒకసారి కాదు. నేను చెప్పలేదు. అక్క చెయ్యి తోసేసి లోపలికి పోయాను. మగోడని అందరూ నవ్వి వదిలేశారు.

అది ఆమెకు చెప్పలేదు. పోయి ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను. కుడిచెయ్యి అడ్డంగా చాపి ద్వారబంధానికి ఆనించాను. బయటికి పోయి రా అన్నాను. ఆమెకు అర్థమైంది. బయటికి పోయి, మెట్ల దగ్గర నిలబడి, నా చెయ్యి కేసి చూసింది. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. చివరికి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

"నువ్వు మా ఆడబిడ్డ మాదిరి లేవప్పా. ఆయమ్మకు మీసాల్లేవు" అంది.

రమణి జిరాక్సులతో పైకి వచ్చి, వాళ్లమ్మ బయట, నేను తలుపుకు అడ్డం నిలబడటం చూసి బిత్తరపోయింది. వెళ్లగొట్టాననుకుంది. నాతో దెబ్బలాటకు వచ్చింది. ఆ పిల్లకు నచ్చజెప్పేసరికి నాకు తాతలు దిగొచ్చారు. లక్ష్మక్క మాత్రం మెట్ల మీద కూర్చుని నవ్వుతూనే ఉంది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. పేరు మాత్రం చెప్పలేదు.

మరుసటిరోజు పన్నెండుకు మా కేసు పిలిచారు.

నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. గుమాస్తాలకు అదే చోటు. కంపెనీ ప్లీడరు తెరిచిన ఫైలు ముందర పెట్టుకుని, తొందరగా అయిపోయే పని ఉన్నట్టు నిలబడ్డాడు. లక్ష్మక్క బోను వైపు నడిచింది. బోనుకు ఒక మెట్టు, మోకాలెత్తు చెక్క తలుపు ఉంటాయి. ప్రమాణం చేయించే బంట్రోతు ముసలాయన ముందే వచ్చి, ఒక చెయ్యి అడ్డంగా చాపి బోను చెక్కకు ఆనించి, ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన రోజూ అట్లాగే నిలబడతాడు. ఇన్నేళ్లు చూశాను, ఎన్నడూ చూడలేదు.

లక్ష్మక్క మెట్టు ముందర ఆగింది. ఆయన చాపిన చెయ్యి చూసింది. లోపలికి రామ్మా అన్నాడాయన. ఆమె పోలేదు. వెనక్కి తిరిగి హాలంతా వెతికి, నా ముఖం చూసింది. నేను తల ఊపానో లేదో నాకు తెలియదు.

"నేనూ హనుమన్నా వచ్చినాము" అంది.

పెద్దగా అనలేదు. అయినా అందరికీ వినబడింది. బంట్రోతు ఏం తోచక చెయ్యి తీశాడు. ఆమె మెట్టెక్కి లోపలికి పోయింది.

సాక్షి ఇంకా ప్రమాణం చేయలేదని కంపెనీ ప్లీడరు లేచాడు. చేయించండి అంది జడ్జి.  ప్రమాణం అయినాక మళ్లీ అడిగారు. ఒకసారి వచ్చిన మాట ఇక ఆగలేదు. హనుమన్న. కాగితాల్లో హనుమన్న. మా అత్త ఆ పేరు పిలవదు, అది ఆమెకు మామ పేరు, అందుకే గోపన్న అంటుంది. పనికాడ గోపన్న. ఓట్ల కాడ హనుమన్న. ఎడమచేతి చిటికెన వేలు మిషన్లో సగం పోయింది, హనుమన్నకూ అదే వేలు, గోపన్నకూ అదే వేలు, కావాలంటే డాక్టరు రాసిన కాగితం చూసుకోండి. రాఘవేంద్రప్రసాద్ గబగబా పోస్టుమార్టం కాగితం తిప్పాడు. ఉంది. రెండేళ్లుగా మా ఫైల్లోనే ఉంది. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. నేను పేరు కోసం పట్టుబట్టాను కానీ ఆ మనిషి చేతులెట్లా ఉండేవని అడగలేదు.

జడ్జి ఆ కాగితం తెప్పించుకుని చదివి, రాసుకుంది. కంపెనీ ప్లీడరు ఒకటే ప్రశ్న వేశాడు. నవ్వు లేదు. పోయినసారి ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు.

లక్ష్మక్క బోను చెక్క మీద అరచేత్తో ఒకసారి రాసింది, బండను తడిమినట్టు.

"ఆ పొద్దు నేను ఒక్కదాన్నే వచ్చిననుకుంటి" అంది.

ఇంక అడిగేది లేదని ఆయన కూర్చున్నాడు. తీర్పుకు ఇంకా టైముంది. కానీ ఆమె ఆయన భార్య అన్న సంగతి ఆ రోజే కాగితం మీదికి ఎక్కింది. తన సాక్ష్యం కింద వేలిముద్ర వేసి, వేలికున్న సిరా చీర లోపలి అంచుకు తుడుచుకుంది.

ఆఫీసుకు వచ్చి టీ తాగారు. నాలుగు గంటల బస్సుకు పోవాలి. నేను రిజిస్టరు తీశాను. 688. పెన్ను మూత తీసి మొదటి గడిలో హనుమన్న అని రాశాను. కింద చిన్నగా, గోపన్న. లక్ష్మక్క లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడి చూసింది. ఆమెకు చదువు రాదు. ఏది ఏదని అడిగింది. చూపించాను. రెండిటి మీదా వేలు పెట్టింది, సిరా ఆరకముందే. మొదటి పేరు కొంచెం అలుక్కుంది. 

"ఆయమ్మది యాడుండాది?" అంది.

వెనక ఉందన్నాను. చూపించమంది. బస్సుకు టైమవుతుందన్నాను. రమణి ఇంకో బస్సు ఉందంది. ఆ పిల్ల నా మీద పగ తీర్చుకుంది.

పేజీలు వెనక్కి తిప్పాను. ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గోటితో విడదీశాను. 412. వయసు, రోడ్డు, ఆటో నంబరు, అన్నీ నా అక్షరాలే. చాలా కుదురుగా ఉన్నాయి. చివరి గడి కూడా నిండి ఉంది.

"ఏం రాసినావో సదువు" అంది.

మొదటి గడి చదివాను.

"నరసన్న భార్య."

 రమణి తల పక్కకు తిప్పుకుంది. కింద కొట్లో మీటరు కర్ర చప్పుడు ఆగిపోయింది, ఎవరో బేరం చేస్తున్నారు. అది రాసినరోజు ఈ కుర్చీలోనే కూర్చున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఆఫీసులో అడిగేవాణ్ణి నేనే కాబట్టి.

లక్ష్మక్క పోయి తలుపు దగ్గర నిలబడింది. కుడిచెయ్యి అడ్డంగా చాపి ద్వారబంధానికి ఆనించింది. నేను లోపలే ఉన్నాను, బయటికి పోవాల్సిన పని కూడా లేదు. అయినా ఆ చెయ్యి అట్లాగే పెట్టుకుని నిలబడింది.

"ముందు పేరు చెప్పప్పా" అంది.

 ఒకసారి దగ్గాను.

"సుంకమ్మ" అన్నాను.

"ఇనపడలే."

"నేనూ సుంకమ్మా" అన్నాను. మిగతా మాట పూర్తి చేయలేకపోయాను.

ఆమె చెయ్యి దించింది. మంచి పేరని రమణితో చెప్పింది, నాతో కాదు. చెప్పులేసుకుని, పోయొస్తామప్పా అని ఇద్దరూ మెట్లు దిగారు.

గడి చిన్నది. రాసిన దాని పైన ఒక్క పేరు పట్టేంత చోటు ఉంది. అక్కడ రాశాను. అక్షరాలు కుదరలేదు. అట్లాగే వదిలేశాను.